నలభై ఒకటో షాటు

డాక్యుమెంటరీలు తీయడంలో, ఎడిట్ చేయడంలో నా జీవితం గడిచింది. తీసిన ప్రతి షాటుకూ నా నోటు పుస్తకంలో ఒక వరుస ఉంటుంది: ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎందుకన్నారు. ఆ చివరి గడి చదవకుండా నేనెన్నడూ ఎడిటింగుకు కూర్చోలేదు. ఇప్పటివాళ్లకు ఆ గడితో పని లేదు.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్మికుల కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో చూపే చిత్రం అది. చిత్రీకరణ నాది. ఎడిటింగు మాత్రం నిర్మాత తన మనుషులతో చేయించుకున్నాడు. నిజామాబాద్‌లో తొలి ప్రదర్శన నాడు నాకు ఒళ్లు మండిపోయింది. తెర మీద ఒక పాత కార్మికుడు, పని పోయిన దిగులుతో మంచం పట్టి చనిపోయిన తనతో పనిచేసిన జోడీదారు గురించి చెబుతున్నాడు. మరుక్షణమే, బీడీలు చుడుతున్న ఒక పెద్దావిడ పకపకా నవ్వింది.

ఆ నవ్వు దేనికో నాకు తెలుసు. షూటింగు రోజు ఒక మేక వచ్చి మా మైకు వైరు నమలబోయింది. సౌండు చూసే మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని బతిమాలాడు. ఆమె నవ్వింది. చావుకూ ఆ నవ్వుకూ ఏ సంబంధమూ లేదు.

నిర్మాతను వరండాలో నిలదీశాను.

"బరువు సీను అయినంక జనం జర ఊపిరి తీసుకోవాలె గద సార్," అన్నాడు చాయ్ తాగుతూ.

"చనిపోయినాయన భార్యది కూడా అదే గల్లీ. ఆమె చూస్తే?"

"మీరు పంపిన లిస్టుల ఉన్నదే పెట్టినం. చూసుకోండ్రి."

ఫోన్ ముందుకు చాపాడు. నా చేతిరాతే. పుస్తకంలోంచి ఎడిటర్ కోసం ఎత్తి రాసిన జాబితాలో, కాగితం ఇరుకైందని చివరి గడి వదిలేశాను. నలభై ఒకటో షాటుకు ఎదురుగా ఉన్నది ఇంతే: "పెద్దావిడ నవ్వు, బాగా వచ్చింది."

ఆ షాటు తీసేయమన్నాను, కుదరదన్నాడు. అయితే టైటిల్స్‌లోంచి నా పేరు తీసేయమన్నాను. దానికి వెంటనే ఒప్పుకున్నాడు.

మర్నాడు బోధన్ వెళ్లేసరికి ఆ ముక్క ఫోన్లలో గల్లీకి చేరిపోయింది. నలుగురు ఆడవాళ్లు కలిసి బీడీలు చుట్టే అరుగు మీద ఆ పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. నా పేరు తీయించానని చెప్పాను.

"నీ పేరు తీపిచ్చుకున్నవ్, మంచిగైంది సారూ. నా నవ్వు ఎవలు తీయాలె?" ఆకు కత్తిరించడం ఆపలేదు. "సావుకు నవ్విన్నట. గిన్నేండ్లు పక్కపక్కన కూసున్నోల్లం. సచ్చినాయన పెండ్లాం తన బీడీల సేట తీస్కొని లేసిపోయింది."

"మేక సంగతి నా పుస్తకంలో రాసి ఉంది, అక్కా."

"నీ బుక్కు నీ సంచిల ఉంటది. నేను గీ గల్లీల ఉండాలె."

ఆదివారం బోధన్‌లో, ఫంక్షన్ హాల్లో ప్రదర్శన. ఆ నవ్వు దగ్గరే లేచి ఆపమన్నాను. పుస్తకంలోని వరుస చదివాను. జాబితాలోని వరుసా చదివాను.

"తప్పు మేక మీద ఏస్తున్నడు," అన్నారెవరో వెనుక నుంచి. హాలంతా నవ్వింది.

ముందు వరుసలో చనిపోయినాయన భార్య లేచింది.

"నవ్వకుండ్రి. గా మేక నాదే. గా దినం తాడు తెంపుకొని పోయింది." నా వైపు తిరిగింది. "బాగొచ్చిందని రాసింది నువ్వే గద?"

"నేనే."

"ఆమెతోని నేను మాట్లాడుకుంట. నువ్వు కూసో."

కూర్చున్నాను. దీపాలు ఆర్పి, ఆపిన చోటినుంచే మళ్లీ మొదలుపెట్టారు. చావు వెనుకే ఆ నవ్వు వచ్చింది. నేటికీ అది అక్కడే ఉంది.