బ్రూక్లిన్ కందకానికి అడ్డంగా

మార్చి మొదటి వారంలో నన్ను ఎడిసన్ ఊళ్ళోని మా ఆఫీస్ నుంచి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి పంపారు. నేలను తవ్వకుండా రాడార్‌తో లోపలి పొరలు చూసే సర్వేలో అది నాకు రెండో ఏడాది. హోదా ఫీల్డ్ టెక్నీషియన్. ఆ తర్వాత ఏడాదికి ఆ వృత్తి మానేశాను.

పని ఒక పార్కింగ్ లాట్‌లో. 1776లో, స్వాతంత్ర్య యుద్ధంలో, న్యూయార్క్‌ను కాపాడటానికి అమెరికన్ సైనికులు బ్రూక్లిన్‌లో కందకాలు తవ్వారు. బయట యుద్ధంలో ఓడి, వాటి వెనక్కి వచ్చి నిలిచారు. తర్వాత నది దాటి వెళ్ళిపోయారు. ఆ కందకం లాట్ కింద ఉందో లేదో నేను తేల్చాలి. లేదని తేలితే సోమవారం అక్కడ కట్టబోయే భవనం బేస్‌మెంట్‌కి తవ్వకం మొదలవుతుంది.

లాట్ పొడవు అరవై మీటర్లు, వెడల్పు ఇరవై. అర మీటరుకో గీత చొప్పున రాడార్ బండిని తొయ్యాలి. పొడవునా నడిస్తే నలభై ఒక్క గీతలు, అడ్డంగా అయితే నూట ఇరవై ఒకటి. పొడవునా నడిచాను. గురువారం రిపోర్ట్ పంపాను: కందకం లేదు.

శుక్రవారం మా ప్రాజెక్ట్ మేనేజర్ సునీత గారు డేటా తెరిచారు. ఆమెది వరంగల్.

“ఏ దిక్కుకి నడిచినవ్ కార్తీక్?”

“నార్త్ టు సౌత్ అండి. లాంగ్ సైడ్.”

“శత్రువు ఎటు నుంచి వచ్చిండు?”

“ఈస్ట్ నుంచి.”

“మరి కందకం ఎటు తవ్వుతరు? దాని పొంటి వాకింగ్ చేసి వచ్చినవ్. మంచి ఎక్సర్‌సైజే. క్లయింట్‌కి నువ్వే కాల్ చెయ్.”

కందకం వెంటే నడిస్తే రాడార్‌లో చదునైన పొరే కనబడుతుంది, అంచులు కనబడవు. నాకు తెలిసిన విషయమే.

కాల్ చేశాను. నిన్న లేదని రాసింది నువ్వే కదా అని క్లయింట్ తరఫు సైట్ మేనేజర్ రెండుసార్లు అడిగాడు. నేనేనన్నాను. శనివారం ఒక్క రోజు ఇచ్చాడు.

ఈసారి అడ్డంగా నడిచిన మొదటి గీతలోనే, తూర్పు అంచుకు ఏడు మీటర్ల దగ్గర, పొర కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చింది. మిగతా నూట ఇరవై గీతలూ నడిచాను. దాదాపు అన్నింటిలో అక్కడే ఆ పల్లం. సోమవారం తవ్వే యంత్రాలు రాలేదు. పురావస్తు నిపుణులు వచ్చారు.

గురువారం నేను రాయాల్సింది ‘లేదు’ అని కాదు. ‘ఉత్తర దక్షిణాలుగా చూశాను, కనబడలేదు’ అని. అలా రాసి ఉంటే, చదివిన ఎవరైనా రెండో దిక్కు సంగతి అడిగేవారు.