హోల్మత్ తాత వేసిన వైరింగు

మా కోకంద్‌లో హోల్మత్ తాత చెయ్యి పడని స్విచ్చు లేదంటే నమ్మండి. పత్తి మిల్లులో కరెంటు పని చేసిన రోజుల్లో సాయంత్రమైతే చాలు, ఇల్లిల్లూ తిరిగి వైరింగు వేసి దీపాలు పెట్టేవాడు. చేతికి తొడుగు కూడా వేసుకునేవాడు కాదు. ఒకసారి పొరపాటున కరెంటున్న తీగ పట్టుకున్నాడు. ఆయనకేమీ కాలేదు గానీ, ఆయన దెబ్బకు మిల్లు మోటారు స్పృహ తప్పి పడిపోయింది. నేను కళ్ళారా చూశాను. అప్పటికి నువ్వింకా పుట్టలేదురా అంటుంది మా అమ్మ. ఆవిడకు ఏ సంగతి ఎప్పుడు జరిగిందో సరిగా గుర్తుండదు.

ఇప్పుడు తాతకు ఎనభై దాటాయి. ముసలమ్మ పోయినప్పటి నుంచి మాటలు తగ్గించేశాడు. ద్రాక్ష పందిరి కింద చెక్క మంచం మీద, తలకు నల్లటోపీ పెట్టుకుని, టీ గిన్నె చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. ఇంట్లో ఏ గదిలో దీపం వెలిగినా ఒకసారి తలెత్తి చూస్తాడు. ఆ ఇంటి వైరింగంతా ఆయనే స్వయంగా వేశాడు. ఈ వయసులో ఆయనకు మిగిలిన గొప్ప అదొక్కటేనని మేమంతా అనుకునేవాళ్ళం.

కొడుకు కోబిల్ మా పక్కింటివాడే, నాకు అన్నలాంటివాడు. కనుమ మీదుగా తాష్కెంటుకు మనుషుల్ని తీసుకెళ్ళే టాక్సీ నడుపుతాడు. పాత పెట్రోలు బండి అమ్మేసి, చైనా నుంచి వచ్చిన కరెంటు కారు కొన్నాడు. కనుమ దిగేటప్పుడు ఆ కారు తనంతట తానే కరెంటు చేసుకుంటుంది. ఒకరోజు దిగుతూ దిగుతూ ఎంత చేసిందంటే, బ్యాటరీ నిండి పొర్లిపోయి, కింద ఊళ్ళో రెండు వీధులకు సరిపడా మిగిలింది. మేం కోకంద్ వాళ్ళం అబద్ధాలు చెప్పం. నిజాన్నే కాస్త కొవ్వులో వేయించి వడ్డిస్తాం.

అంత గొప్ప కారు కూడా ఇంటికొచ్చేసరికి వంటింటి ప్లగ్గులో మూతి పెట్టుకుని పడుండేది. అక్కడ అది ఛార్జి అయ్యేలోపు విత్తు నాటి పుచ్చకాయ కోసుకోవచ్చు. కారు తాగుతున్నంతసేపూ ఫ్రిజ్ మూలిగేది, దీపాలు ఆవలించేవి. ఊరి చివర ఛార్జింగు స్టేషన్‌కు పోదామంటే అక్కడ పెళ్ళి ఊరేగింపంత వరస. అందుకని ఇంట్లోనే గోడకు బిగించే ఛార్జరు పెట్టించాలనుకున్నాడు కోబిల్. ముగ్గురు మేస్త్రీలను పిలిచి, ఎవరెంత అడుగుతారో చూసి, ఒకరికి పని ఒప్పజెబుదామని లెక్క వేసుకున్నాడు.

ఇక్కడే చిక్కొచ్చింది. కరెంటు మేస్త్రీ అన్నవాడు కొత్త ఇంట్లో అడుగుపెట్టగానే ముందు నాలుక చప్పరించి, అంతకుముందు పని చేసినవాణ్ణి తిట్టాలి. తిట్టకపోతే వాడికి పని రాదని జనం అనుకుంటారు. ఈ ఇంట్లోనేమో ఆ ముందటి మేస్త్రీ పందిరి కిందే కూర్చుని టీ తాగుతున్నాడు.

మొదట వచ్చింది ఉల్మస్. చావు లేనివాడని ఆ పేరుకు అర్థం. కరెంటు పనికి అంతకంటే మంచి పేరు దొరకదు. రొట్టె తిన్నాడు, టీ తాగాడు, లేచి మీటరు పెట్టె తెరిచాడు, నాలుక చప్పరించాడు.

"ఏ గాడిద చేసిందన్నా ఈ పని? ఒక్కసారి చూపించు, చెవులు కొలుస్తా!"

కోబిల్ దగ్గాడు. కళ్ళతో సైగ చేశాడు. ఉల్మస్ పెట్టెలోంచి తల తీస్తేగా!

"ఫ్యూజు ఉండాల్సిన చోట మేకు పెట్టాడు చూడు! మేకన్నా! ఇది కరెంటు పెట్టె అనుకున్నాడా, లాడం కొట్టే గుర్రం కాలనుకున్నాడా?"

అంతటితో ఆగలేదు. తీగ దారి పట్టుకుని నడవా అంతా నడిచాడు. పిల్లలు పడుకునే గది పక్కన గోడకు అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"ఇక్కడ సున్నం పసుప్పచ్చగా మారింది, చూశావా? లోపల రాగి తీగకీ అల్యూమినియం తీగకీ ముడేసుంటాడు మహానుభావుడు. అది కాలుతోంది. మొత్తం పీకి కొత్తది వెయ్యాలన్నా. ఎర్త్ కడ్డీ కూడా దింపాలి. రెండు మంచి గొర్రెల ధర అవుద్ది, అంతకు తగ్గేది లేదు."

కోబిల్ మెల్లగా పందిరి వైపు చూశాడు. తాత టీ గిన్నె కింద పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట పలావు ముట్టలేదు.

రెండోవాడు ఒక కంపెనీ నుంచి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో నిగనిగలాడే ఫోను. మీటరు పెట్టెను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, "దీన్ని మ్యూజియానికివ్వండి సార్, టిక్కెట్టు పెట్టొచ్చు" అని నవ్వాడు. ధర చెప్పేలోపే కోబిల్ వాణ్ణి గేటు దాకా సాగనంపేశాడు. వాడి టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. మా ఊళ్ళో ఇంటికొచ్చినవాణ్ణి అలా పంపడమంటే చెప్పు తీసి కొట్టినట్టే.

ఆ సాయంత్రం వాళ్ళ వాకిట్లో కూర్చుని ఖర్బూజా కోస్తున్నాం. తినడం వరకే నేను, కోయడం కోబిల్.

"ఏం చెయ్యమంటావురా?" అన్నాడు. "నాన్న రెండ్రోజులుగా నోరు విప్పడం లేదు. వచ్చినవాడల్లా గాడిద అని పోతుంటే ముసలాయన తట్టుకుంటాడా? ఛార్జరు లేకపోతే పీడాపోయె, ఆయన్ని మాత్రం బాధపెట్టలేను."

పాలిటెక్నిక్‌లో నేను రెండు నెలలు చదివాను. అంతకుమించి నాకు నేర్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకే ఇలాంటి విషయాల్లో అందరూ నన్నే అడుగుతారు. నేను గొంతు సవరించుకునేలోపే కోబిల్ భార్య మస్తూరా వదిన అందుకుంది.

"ఇంతకీ నువ్వు వెతికేది కరెంటు మేస్త్రీనా, పొగిడే మేస్త్రీనా?"

"రెండూ వచ్చినోడు దొరికితే తప్పేంటే?"

అలా దొరికినవాడే నుస్రత్. కోబిల్ వాణ్ణి టీ దుకాణంలో కూర్చోబెట్టి ముందే చెప్పాడు. "మా నాన్న వినేట్టు వైరింగు మెచ్చుకో. తర్వాత నాతో చెవిలో ఏం చెప్పాలో చెప్పుకో." ఆ మాటలో మొదటి సగమే వాడి బుర్రకెక్కింది.

వాడు వచ్చీ రాగానే మీటరు పెట్టె ముందు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఓహోహో! ఏం చెయ్యి! ఏం చెయ్యి! తాష్కెంటులో మంత్రుల ఇళ్ళల్లో కూడా ఇంత పనితనం లేదు!"

తాత తలెత్తాడు. "ఇలా రా నాయనా. ఏం బాగుందందులో?"

"అంతా బాగుంది తాతా!"

"మేకు కూడానా?"

నుస్రత్ ఒక్క క్షణం తడబడ్డాడు. "మేకా... మేకైతే మరీ గట్టిది తాతా! ఫ్యూజైతే కాలిపోతుంది, మేకు కాలదు!"

"నడవా గోడ చూశావా?"

"చూశా తాతా. ఎక్కడా వంకర లేదు, నిటారుగా ఉంది."

తాత నవ్వడం మొదలుపెట్టాడు. చాలాకాలంగా ఆ నవ్వు ఎవరూ వినలేదు. టోపీ జారి ఒళ్ళో పడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మస్తూరా వదిన వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఒరేయ్ కోబిల్, వీణ్ణి ఎంతపెట్టి కొనుక్కొచ్చావురా?"

"నాన్నా, అది కాదు..."

"కూర్చో. నువ్వూ కూర్చో నాయనా, అన్నం తినే పోదువుగానీ." తాత టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని కొడుకు వైపు తిరిగాడు. "నీ సున్తీ పండగప్పుడురా. తెల్లారితే పాటగాళ్ళొస్తారు, మైకుకి కరెంటు కావాలి. చూస్తే రాగి తీగ అయిపోయింది. చేతికందిన అల్యూమినియం ముక్క తెచ్చి ముడేసి పైన సున్నం కొట్టేశా. వసంతం రాగానే విప్పి సరిగ్గా వేద్దామనుకున్నా. ఇదిగో, నీ గడ్డం నెరిసిపోయింది."

"మరి మొన్న ఆ ఉల్మస్ తిడితే ఎందుకలిగావు?"

"అలగలేదురా పిచ్చోడా. వాడు పోయాక నేనూ గోడమీద చెయ్యి పెట్టి చూశా. వెచ్చగా ఉంది. అవతల పిల్లలు పడుకుంటారు. నా చేత్తో పెట్టిన నిప్పు అది. ఈ మాట నీకెలా చెప్పాలో తెలీక ముద్ద దిగలేదు. ఇంతమంది వచ్చారు, గోడ ముట్టుకుని చూసినోడు వాడొక్కడే. వెళ్ళి ఆ గాడిదన్నవాణ్ణే పిలుచుకు రా."

కోబిల్ ముందు లేచి వంటింట్లోకి వెళ్ళి కారు తీగ ప్లగ్గులోంచి పీకేశాడు. వచ్చి తండ్రి గిన్నెలో టీ పోశాడు. నుస్రత్ రెండు పళ్ళేల పలావు తిని, దాన్నీ మంత్రుల ఇళ్ళతో పోల్చి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉల్మస్ పనిముట్లతో దిగాడు. వైరింగు వేసిందెవరో తెలియగానే సున్నంలా తెల్లబోయి, తాత ముందు చెయ్యి గుండెకు ఆనించి వంగాడు.

"తాతా, నేను తెలీక..."

"క్షమాపణ తర్వాత. ముందు నా వంతు రానీ. నువ్వు తిట్టావు, నేనింకా తిట్టలేదు."

మాటకు మాట వేయడం మా ఊళ్ళో చదువులాంటిది. స్టూలు వేయించుకుని ఉల్మస్ వెనకే కూర్చున్నాడు తాత.

"తీగ లాగుతున్నావా, పిండి పిసుకుతున్నావా?"

"మీ తీగ లాగితే గోడొస్తోంది తాతా. గోడ లాగితే ఇల్లే వచ్చేట్టుంది!"

"ఇంకొంచెం లాగరా, పక్కింటోడు కూడా వస్తాడు. ఎలాగూ అన్నం వేళకి వచ్చేవాడేగా!"

నేను వాళ్ళ మాటలు విననట్టు ఎముక చీకుతూ కూర్చున్నాను.

నడవా గోడ పగలగొట్టినప్పుడు మాత్రం అందరూ లేచి దగ్గరికొచ్చారు. ముడి పొయ్యిలో మాడిన సంసా రొట్టెలా నల్లగా ఉంది, ముట్టుకుంటే పొడి రాలింది. తాత దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తనే లేచి వెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు.

కొత్త తీగలు పడ్డాయి, ఎర్త్ కడ్డీ దిగింది, గేటు పక్క గోడకు ఛార్జరు వెలసింది. కోబిల్ కారు తగిలించాడు. ఫ్రిజ్ మూలగలేదు, దీపం ఆవలించలేదు. మస్తూరా వదిన పని ఉన్నా లేకపోయినా ఇంట్లో దీపాలన్నీ వేసి చూసి, అన్నీ ఆర్పి, మళ్ళీ వేసింది. ఉల్మస్ అడిగిన ధరకు కోబిల్ ఎదురు చెప్పలేదు.

ఉల్మస్ పనిముట్లు సర్దుకుంటుంటే తాత చేతికర్ర తీసుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి నాన్నా?" అన్నాడు కోబిల్.

"ఆ ఏడాది వీధంతా రాగి తీగ దొరకలేదురా. నేనలా ముడేసిన ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి."

ఇప్పుడు వాళ్ళిద్దరూ కలిసే తిరుగుతున్నారు. ఉల్మస్ గోడమీద చెయ్యి వెయ్యకముందే ఎక్కడ పగలగొట్టాలో తాత కర్రతో చూపిస్తాడు. మొన్న మా ఇంటికీ వచ్చారు. మా అమ్మ కంగారుపడి, "మా ఆయనుండగా మీరు వేసిన వైరింగే కదా తాతా, ఇన్నాళ్ళూ బంగారంలా ఉంది!" అంది.

"నేనే వేశానమ్మా," అన్నాడు తాత, చెప్పులు విడిచి లోపలికొస్తూ. "ముందు టీ పెట్టు. తాగి పీకేద్దాం."