అల్ఫియా కట్టిన యూనిఫాం చీర

ప్రొద్దుటూరులో మా చీరల కొట్టుకు వచ్చే ఆడవాళ్ళకు దండం పెట్టాలి. గుట్టలకు గుట్టలు విప్పించి, ‘మళ్ళీ వస్తామప్పా’ అని చక్కా పోతారు. విప్పినవన్నీ పాత మడతల మీదే తిరిగి మడవాలి. మడత తప్పితే పట్టు మీద గీత పడుతుంది, ఇక ఆ చీరను ఎవరూ ముట్టుకోరు. ఆ పని మా కొట్టులో అల్ఫియాది.

అల్ఫియాకు ఇరవయ్యారేళ్ళు. బుద్ధి ఎదుగుదల తక్కువని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. లెక్కలు రావు, మాట నిదానం. పనిలో చేరిన కొత్తలో వాళ్ళమ్మ రహమత్‌బీ రోజూ పక్కనే కూర్చుని నేర్పించింది. ఇప్పుడు ఆ పిల్ల మడిచిన చీర అప్పుడే మగ్గం దిగినట్టుంటుంది. ఈ కొట్టులో జుట్టు నెరిసిన సేల్స్‌మన్‌ను నేను, అయినా మడతలో ఆ పిల్ల నన్ను మించిందని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

దసరాకు ఆడ స్టాఫ్ అందరికీ ఒకే ఆకుపచ్చ రంగు యూనిఫాం చీరలిచ్చారు. మా ఓనరు ప్రసూనమ్మకు అల్ఫియా అంటే ప్రాణం. “పాపం, ఆ పిల్లకు యూనిఫాం ఎందుకు?” అని మంచి పట్టుచీర చేతిలో పెట్టింది. అల్ఫియా దాన్ని తీసుకుపోయి అమ్మకం చీరల అరలో సర్దేసింది. పొరబాటు పడిందేమోనని నేను తీసి మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ అరలోకే పోయింది.

“ఏంది పాపా, నచ్చలేదా?”

“ఇది అమ్మే చీర నారాయణన్నా. నాకు వాళ్ళ చీర కావాల.”

“అది మామూలుది. ఇది శానా ఖరీదు.”

“నేను ఈడ పని చేస్తాండా,” అంది. కళ్ళనిండా నీళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. జాలి పేరు చెప్పి పనిమంతురాలిని పక్కన నిలబెడతామా? ఆ మాటే ప్రసూనమ్మతో అనేశాను. ఆమె తానే లేచి వెళ్ళి ఆకుపచ్చ చీర తెచ్చి అల్ఫియాకిచ్చింది.

మర్నాడు పండగ బేరాలు. మధ్యాహ్నం రహమత్‌బీ అన్నం క్యారియర్ తెచ్చి గడపలోనే ఆగిపోయింది. లోపల తెల్ల పరుపుల మీద ఆకుపచ్చ చీరల వాళ్ళంతా వంగి పనిలో ఉన్నారు. ఆమె కళ్ళు వాళ్ళందరి మీదా తిరిగాయి.

“నారాయణప్పా, మా అల్ఫియా యాడ?”

ఇన్నేళ్ళూ పెళ్ళిలోనైనా, వీధిలోనైనా ఆ బిడ్డను ఊరంతా వేలెత్తి చూపించింది. ఈరోజు కన్నతల్లి పోల్చుకోలేకపోయింది.

“ఆడనే ఉందిలే రహమత్‌బీ, నువ్వే ఎతుక్కో,” అన్నాను గర్వంగా.