మేమడిగిన ఇంజెక్షన్లు

మా అత్తగారికి ఇంజెక్షన్లు ఇచ్చిన పక్కింటి అమ్మాయి తనంతట తానే ముందుకొచ్చిందా, మీరు అడిగారా అని నర్సింగ్ బోర్డు అధికారి నన్ను ఫోన్లో అడిగాడు. గుర్తులేదన్నాను. నిజానికి ఆమె రెండుసార్లు వద్దనడం, నేను వదిలిపెట్టకపోవడం నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది.

అప్పుడు మేం న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం. ఆ అమ్మాయి వృద్ధులుండే ఒక నర్సింగ్ హోమ్‌లో ఎల్‌.పి.ఎన్‌. అంటే చిన్న కోర్సు చదివి లైసెన్సు తెచ్చుకున్న కింది స్థాయి నర్సు. పెద్ద నర్సులు, అంటే ఆర్‌.ఎన్‌.లు, తిరిగినంతా తనూ తిరిగేది, జీతం మాత్రం వాళ్లకంటే బాగా తక్కువ. మా పెద్దవాళ్లకు జ్వరమొస్తే మాకు ఆమె డాక్టరుతో సమానం. మగవాళ్లం చేరి జీతాల గురించి మాట్లాడుకునేటప్పుడు సగం నర్సు. ఆ మాట పుట్టించింది నేనే.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్సు పాత జబ్బులకు పనికిరాదు. అందుకని సూట్‌కేసుల్లో పచ్చళ్లతో పాటు ఉన్నన్నాళ్లకూ సరిపడా మందులు కూడా వచ్చేవి. అత్తగారు అరికాళ్ల తిమ్మిర్లకని ఒక పెట్టెడు విటమిన్ ఇంజెక్షన్లు తెచ్చుకున్నారు. అక్కడైతే వీధి చివర కాంపౌండరు ఇచ్చేవాడు. ఇక్కడ పక్కింట్లోనే నర్సు ఉంది కదా అనుకున్నాం.

ఇక్కడి డాక్టర్ రాయందే తను సూది పట్టుకోకూడదని ఆమె చెప్పింది. క్లినిక్‌కి తీసుకెళ్లమంది. అత్తగారు నవ్వారు.

"సూది గుచ్చడానికి కూడా వీసా కావాలా తల్లీ మీ అమెరికాలో?"

మర్నాడు నేనే వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్తకు అప్పుడు ప్రాజెక్ట్ లేదు. రెజ్యూమే పంపమని, మా మేనేజర్‌తో మాట్లాడతానని చెప్పి, ఆ వెంటనే ఇంజెక్షన్ల సంగతి ఎత్తాను.

"వద్దన్నయ్యా. ఏమైనా అయితే నా లైసెన్స్ పోతుంది."

"విటమినే కదమ్మా. మనవాళ్ల మధ్య లైసెన్సులేంటి?"

ఆమె ఒకసారి భర్త వైపు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని నాతో వచ్చింది. అప్పటినుంచి వారం వారం డ్యూటీ దిగి, ఆ బట్టల్లోనే మా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్లేది. నీకేం ఇవ్వాలమ్మా అని నేను ఒక్కనాడూ అడగలేదు. మా ఆవిడ డబ్బాలో పులిహోర పెట్టిచ్చేది. ఆ రెజ్యూమే నేను ఎవరికీ పంపలేదు.

ఒక వారం ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే, ఆమె ఇంకా వెళ్లకముందే, అత్తగారికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. ఎమర్జెన్సీకి ఫోన్ చేసిందీ, అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడను కనిపెట్టుకుని కూర్చున్నదీ ఆ అమ్మాయే. అత్తగారు త్వరగానే కోలుకున్నారు. ఇంజెక్షన్ ఎవరిచ్చారని ఆసుపత్రిలో అడిగితే నేను ఆమె పేరు చెప్పాను.

ఆ తర్వాత బోర్డు ఫోను. నా గ్రీన్‌కార్డు అప్పటికి మధ్యలో ఉంది. బలవంతపెట్టింది నేనని తేలితే ఎక్కడ నాకు చుట్టుకుంటుందోనని భయపడ్డాను. ఆమె లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు, ఉద్యోగం పోయింది. లైసెన్సు తిరిగొచ్చాక కూడా ఆ మచ్చ చూసి ఏ నర్సింగ్ హోమూ తీసుకోలేదు. వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించే పనిలో చేరింది. నాకు గ్రీన్‌కార్డు వచ్చింది.

కొన్నేళ్లకు ఒక స్నేహితుడి గృహప్రవేశంలో ఆమె కనిపించింది. ఎవరి నాన్నగారికో కళ్లు తిరుగుతున్నాయంటే పక్కన కూర్చుని బీపీ చూస్తోంది. భోజనం చేస్తున్న ఒకాయన అన్నాడు, "జాగ్రత్తండీ, ఈవిడ చేతిలో చెయ్యి పెడితే డైరెక్ట్‌గా ఐసీయూకే." ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె తలెత్తలేదు. వాళ్లకు ఆ కథ చెప్పిందీ నేనే, నేను చేసింది దాచిపెట్టి.

ప్లేటు పక్కన పెట్టి అక్కడికి వెళ్లాను.

"ఆ ఇంజెక్షన్లు ఈ అమ్మాయి వద్దంది. వాళ్లాయనకి జాబ్ చూస్తానని ఆశపెట్టి నేనే ఇప్పించాను. బోర్డువాళ్లు అడిగితే నా గ్రీన్‌కార్డ్ కోసం నోరు మూసుకున్నాను." ఆమె వైపు తిరిగాను. "సోమవారం వాళ్లకి ఫోన్ చేసి ఇదే చెప్తానమ్మా. నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు."