జోన్ మంద, నా చేతి అలవాటు

మొన్నటి కరువు ఏడాది ఆగస్టు తొమ్మిదిన నాకు ఒక తనిఖీ డ్యూటీ పడింది. అప్పుడు నేను న్యూ సౌత్ వేల్స్ లోపలి జిల్లా ఒకదానిలో ప్రభుత్వ పశువైద్యుణ్ణి. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఐదు వందల చిల్లర ఆవుల మంద దూరంలో దొరికిన కొత్త పచ్చిక కోసం, మందలు మేస్తూ నడవడానికి వదిలిన పశువుల బాట మీద వెళ్తోంది. దాన్ని దారిలో ఒక యార్డులో ఆపి, చూసి, ముందుకు కదలడానికి నేను సంతకం పెట్టాలి.

ఇప్పుడు నేనుండే వెర్రిబీలో ఎవరింట్లో బార్బీ, అంటే మాంసం కాల్చుకు తినే విందు, పెట్టినా మన ఐటీ కుర్రాళ్లు ఈ సంగతే అడుగుతారు, కౌబాయ్ సినిమాలా ఉంటుందా అంకుల్ అని. సినిమాలో దుమ్ము తెర మీదే ఆగిపోతుంది నాయనా, అక్కడ పళ్లెంలో పడుతుంది. గుర్రాలు రెండే, మిగతావన్నీ మోటారు సైకిళ్లు. మంద రోజుకు పది కిలోమీటర్లు నడవకపోతే, బాట మీది గడ్డి అంతా మీరే మేపేస్తున్నారని నోటీసు వస్తుంది. ఇదీ మా వీరగాథ.

మంద తోలేవాళ్లకు పెద్ద జోన్ అనే ఆవిడ, అరవై దాటిన మనిషి. ఆమె దగ్గర పాతికేళ్లుగా పనిచేసిన మనుషులు గనుల్లో జీతం ఎక్కువని వెళ్లిపోయారు. గత్యంతరం లేక యూనివర్సిటీ నుంచి ఏడుగురు పశువైద్య విద్యార్థులను తెచ్చుకుంది. వాళ్లలో ఒకడికి ఎండ పడదు, ఇంకొకడికి పొద్దున్నే లేవడం పడదు. పదిహేనో తేదీకి మంద కొత్త పచ్చిక చేరాలి. చేరకపోతే ఆ పచ్చిక దాని కోసం కాచుకున్న మరో మందకు పోతుంది, ఈ ఆవులు నేరుగా కబేళాకు పోతాయి. తన చేతి మంద ఒక్కటి కూడా దారిలో అలా పోలేదని జోన్ నాతో రెండుసార్లు చెప్పింది.

తనిఖీ పద్ధతి ఇది. ఆవుల్ని ఒంటి వరుస సందులోంచి పంపుతారు. సందు చివర తల బిగించే చట్రం ఉంటుంది, మన పశువుల ఆసుపత్రిలో ట్రావిస్ అనేదే. అనుమానం ఉన్నదాన్నే అందులో బిగిస్తాం. మిగతావాటి నడక చూసి వదిలేస్తాం. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఎనిమిది రోజులు నడిచిన ఆవులు, అన్నీ కాళ్లు ఈడ్చుకుంటూనే ఉన్నాయి. సగం అయ్యేసరికి కాగితం మీద 'ఆరోగ్యం' అని రాసేశాను కూడా. ఆఫీసరు అన్నాక ఆ మాత్రం తొందర ఉండాలి కదా.

నాకో అలవాటుంది. కదలని ఆవును కమ్మీల సందులోంచి బూటుతో తోస్తే, వెంటనే వంగి, తగిలిన చోట చేత్తో తాకి కళ్లకద్దుకుంటాను. తెనాలిలో మా అమ్మ నేర్పింది, పుస్తకానికైనా పశువుకైనా. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు విద్యార్థులు పట్టించుకున్నారు. నేను చూసేసరికి ఏడుగురూ వరుసగా నిలబడి, వచ్చిన ప్రతి ఆవు కాలూ తాకి కళ్లకద్దుకుంటున్నారు. తన్ను తింటార్రా అని అరిచాను. తెలుగు ఎవరికి అర్థమవుతుంది.

ఒకరికి అర్థమైంది. మనవాళ్లు ఎక్కువుండే నగర శివారు స్కోఫీల్డ్స్ నుంచి వచ్చిన శ్రావ్య, గుంటూరు వాళ్లమ్మాయి. తెలుగు అంతా తెలుసు, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. పక్కకు పిలిచి ఏమిటిదని అడిగాను. మొహం ఎర్రబడింది. అంకుల్ ఏం చేస్తున్నారని తోటివాళ్లు అడిగితే, ఆవుకు సారీ చెబుతున్నారు అనడానికి సిగ్గేసిందట. “సో ఐ టోల్డ్ దెమ్ యూ వర్ చెకింగ్ ఫర్ హీట్, అంకుల్” అంది. పుండు పడ్డ కాలు వేడెక్కుతుంది, నేను ఆ వేడి చూస్తున్నానని వాళ్లను నమ్మించిందన్నమాట. నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తేల్చుకునేలోగా బెన్ అనే కుర్రాడు పిలిచాడు. ఒక ఆవు వెనక కాలు కాలిపోతోందన్నాడు.

ట్రావిస్‌లో బిగించి చూశాను. గిట్టల మధ్య వాపు, పుండు. గేటు దగ్గర నా ముందునుంచే, నేను చూస్తుండగానే నడిచి వెళ్లిన ఆవు అది. గాలికుంటు వ్యాధిలోనూ గిట్టల్లో ఇలాగే పుండ్లు పడతాయి, నోట్లో బొబ్బలూ వస్తాయి. ఈ దేశంలో ఆ వ్యాధి లేదు. కాస్త అనుమానం వచ్చినా మందను ఉన్నచోటే ఆపి పైకి ఫోన్ చేయాలి. జోన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. ఆవు నోరు తెరిచి నాలుక, చిగుళ్లు వెతికాను. బొబ్బ ఒక్కటీ లేదు. నీటి గుంట దగ్గర బురదలో రాళ్లు కోసి, చీము పట్టిన మామూలు గిట్ట పుండు. మళ్లీ మొత్తం మందను సందులోంచి పంపించి, ఈసారి నేనే అందరికంటే ముందు వంగి కాళ్లు తాకాను. పదకొండు తేలాయి. ఒక్కోదాని నోరూ చూశాను, అన్నీ శుభ్రమే. సూది మందు వేసి వాటిని యార్డులో ఆపి, మిగతా మందకు దారి ఇచ్చాను. ఇంకో మూడు రోజులు వీటితో కలిసి ఆ గుంటల బురదే తొక్కుతూ నడిచి ఉంటే అవి వందయ్యేవి, మంద అక్కడే కూర్చునేది.

మంచి పద్ధతి డాక్, ఎక్కడ నేర్చుకున్నావని జోన్ అడిగింది. మా అమ్మ దగ్గర అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. శ్రావ్య నేల చూపులు చూసింది.

మంద పదిహేనో తేదీ ఆర్వోకే, అంటే మధ్యాహ్నానికే, పచ్చిక చేరింది. నా రిపోర్టులో 'ఎలా గుర్తించారు' అనే గడి ఉంటుంది. నేను గుర్తించలేదనీ, విద్యార్థి చేత్తో తాకి గుర్తించాడనీ రాశాను. ముందు రాసిన 'ఆరోగ్యం' కొట్టేసి పక్కన సంతకం పెట్టాను.

ముప్పై ఏళ్లు నేను తాకింది పాపం పోవడానికి. ఆ పిల్లలు తాకింది ఆవును చూడటానికి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా తాకిన చోట చెయ్యి రెండు క్షణాలు ఉంచి, కాలు చల్లగా ఉందని తేలాకే కళ్లకద్దుకున్నాను.