గీత బయట రెండేళ్లు

డిగ్రీ మొదటి సంవత్సరం అరకు కాలేజీలో చదివాను. తొంభైల చివరి రోజులవి. మాది డుంబ్రిగుడ అవతల కొండవాలులో చిన్న ఊరు. అమ్మా నాన్నా చోళ్లు, అదే రాగులు, పండించేవారు, ఇంటి వెనక కొంచెం కాఫీ ఉండేది. కబడ్డీ నాకు ఆశ్రమ పాఠశాలలో అబ్బింది. కూతకు వెళ్తే ఎవరినో ఒకరిని తాకకుండా తిరిగొచ్చేదాన్ని కాదు.

కాలేజీలో మాకు ఆట నేర్పిన పీడీ సారు సాలూరు మనిషి. ఆడపిల్లల జట్టు కట్టడానికి ఆయన కొండ ఊళ్లన్నీ తిరిగాడు. మా నాన్నను ఒప్పించడానికైతే సంతలో వెంటపడి, ఆయన బేరాలన్నీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. అలా ఒక్కొక్కరినే పోగుచేస్తే సరిగ్గా ఏడుగురమయ్యాం. ఎనిమిదో మనిషి లేదు.

ఆ ఏడు విశాఖలో కాలేజీల పోటీలకు వెళ్లి సెమీస్ దాకా ఆడాం. ఓడిపోయి బ్యాగులు సర్దుకుంటుంటే, పట్నం కాలేజీ కోచ్ మేడం ఒకావిడ నన్ను పక్కకు పిలిచింది. తమ కాలేజీకి మారితే హాస్టలు, భోజనం, బూట్లు అన్నీ వాళ్లే చూసుకుంటారంది. బాగా ఆడితే యూనివర్సిటీ జట్టులోకి కూడా వెళ్లొచ్చంది. రైల్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను.

"ఆల్లు అన్నమెట్టి సదివిత్తామంటే ఎల్లు. మరి మీ సారుకేటి సెప్తావు?" అన్నాడు నాన్న.

సారుకు చెప్పక తప్పదు. కాలేజీ మారాలంటే టీసీ కావాలి. అక్కడ ఆడాలంటే మాకు అభ్యంతరం లేదని ఈ కాలేజీ రాసివ్వాలి. జట్టు పిల్లలంతా ప్రాక్టీసుకు వచ్చే వేళకు ముందే వెళ్లి, గ్రౌండు పక్కన గీతలకు సున్నం కలుపుతున్న సారుతో చెప్పాను. ఆయన చేతులు కడుక్కున్నాడు. కోపగించుకుంటాడనుకున్నాను.

"వెళ్లమ్మా. నీకు నేను బూట్లు కూడా ఇప్పించలేకపోయాను" అన్నాడు.

ఆ మాటకు తలెత్తలేకపోయాను. ప్రిన్సిపాలు మొదట ఇవ్వనన్నారు. ఈ పిల్ల పోతే మీ జట్టేం కావాలి అని సారునే నిలదీశారు. నా తరఫున సారే బతిమాలాడు. నేను తలుపు దగ్గర నిలబడి వింటూ ఉన్నాను. బయట మిగతా ఆరుగురూ వరండాలో కూర్చుని ఉన్నారు. టీసీ చేతిలో పట్టుకుని వాళ్ల ముందునుంచే వెళ్లాను. ఒక్కరూ పలకరించలేదు.

పట్నంలో చేరిన కొన్నాళ్లకు కోచ్ మేడం నన్ను పిలిచి అసలు సంగతి చెప్పింది. డిగ్రీ మధ్యలో కాలేజీ మారినవాళ్లు ఆ సంవత్సరం కాలేజీల పోటీల్లో ఆడకూడదట. ఆ నిబంధన తనకూ ఇప్పుడే తెలిసిందంది. వచ్చే ఏడు చూద్దాంలే అని, తేలిగ్గా.

పొద్దున్నే ప్రాక్టీసు చేసేదాన్ని. పోటీలప్పుడు అందరి బట్టలకూ కాపలా కూర్చునేదాన్ని. మెస్సులో మళ్లీ అన్నం పెట్టించుకోవాలంటే సిగ్గేసేది. ఆడకుండా తినే స్పోర్ట్స్ సీటు అని ఒక అమ్మాయి నవ్వుతూనే అంది. అప్పట్నుంచి సగం కడుపుతోనే లేచేదాన్ని.

ఆ ఏటి పోటీలకు మా అరకు జట్టు వచ్చింది. పాత ఆరుగురూ, ఏడో మనిషిగా ముంచింగిపుట్టు నుంచి వచ్చిన కొత్త పిల్ల. మొదటి ఆటే మా పట్నం కాలేజీతో పడింది. నేను గీత బయట నీళ్ల సీసాలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ కొత్త పిల్ల కూత మధ్యలో ఊపిరి వదిలేస్తోంది, వెళ్లిన ప్రతిసారీ దొరికిపోతోంది. నా పక్కనున్న వాళ్లంతా చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. అరకు చిత్తుగా ఓడిపోయింది.

ఆట అయ్యాక మా పాత కెప్టెన్ తిన్నగా నా దగ్గరికొచ్చి మోకాళ్లకేసి చూసింది.

"దెబ్బేటైనా తగిలిందేటే? ఆడనేదేటి?"

"దెబ్బేం లేదు. నన్ను ఆడనివ్వరు. మారినందుకు" అన్నాను.

తిడితే బాగుండేది. అది నా పక్కన కూర్చుని, తెచ్చుకున్న చోడి రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. దూరంగా సారు మిగతా పిల్లల్ని పోగుచేస్తూ ఇటు చూసి, ఒకసారి చెయ్యి ఊపాడు. నేను ఊపలేకపోయాను.

అక్కడే ఉంటే వచ్చే ఏడు ఆడొచ్చు. అయినా ఏడాది పూర్తవగానే మళ్లీ టీసీ తీసుకుని అరకు వచ్చేశాను. అరకు కాలేజీ గుమస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటమ్మా, పట్నం నీళ్లు పడనేదా?" అన్నాడు. ఆఫీసులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

సారు నవ్వలేదు. "మళ్లీ మారావు కాబట్టి ఈ ఏడు కూడా ఆడలేవు. ఇదే నీకు ఆఖరి సంవత్సరం. తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలుసన్నాను. అయితే ఆ ముంచింగిపుట్టు పిల్లకు కూత నేర్పమన్నాడు.

దానికి నేనంటే భయం. చాలా రోజులు ప్రాక్టీసులో నా కాలు పట్టుకోవడానికి కూడా జంకింది. ఒకరోజు నీళ్ల దగ్గర నెమ్మదిగా అడిగింది.

"నీ జాగా నాను లాగేసినానేటక్కా?"

"లేదు. నేనే వదిలేసిపోయాను" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

తర్వాతి రోజునుంచి అది గట్టిగా పట్టడం మొదలుపెట్టింది. ఊపిరి ఎక్కడ ఆపాలో, వెనక్కి ఎప్పుడు తిరగాలో నాకు తెలిసినదంతా చెప్పాను. ఆ ఏడు మా జట్టు గెలవలేదు కానీ, ఆ పిల్ల యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. కబురు వచ్చిన రోజు కాలేజీలో అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. సంతోషమే, అబద్ధం కాదు. కానీ మొహం మండిపోతూనే ఉంది. సాయంత్రం దాకా సారు కంట పడకుండా తిరిగాను.

కబురు మా ఊరికి నాకంటే ముందే చేరింది. సంతకు వచ్చిన నాన్న నన్ను చూసి చోళ్ల బస్తా కిందికి దించాడు.

"మీ కాలేజీ ఆడగుంటను పెద్ద ఆటకి తీసుకున్నారంట. నువ్వేనేటి?"

"కాదు నాన్నా. ముంచింగిపుట్టు పిల్ల."

ఆయన బస్తా మళ్లీ భుజానికెత్తుకున్నాడు. ఒక చెయ్యి వేస్తానంటే వద్దని, ముందు నడిచాడు.