ఇల్లుబండి మూతి పడమటికి తిప్పిన రోజు

నా చిన్నప్పుడు ఒక పైపులోంచి విన్న మాటలను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదని ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. చెప్పాలనిపించలేదు, అంతే. ఆ మాటలన్న మనిషి ఇప్పుడు లేదు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో మేము గద్వాల శివార్లలో ఉండేవాళ్లం. మా పెద్దనాయన ఏళ్ల తరబడి లారీ నడిపి, ఆఖరికి ఒక పాత స్కూలు బస్సు కొన్నాడు. సీట్లు సగం పీకేసి పడుకోవడానికి బల్లలు కొట్టించాడు. నడుమ గిన్నెలు కడుక్కునే సింకు, వెనక మూల తలుపూ గొళ్లెమూ ఉన్న చిన్న స్నానాల గది, పైన నీళ్ల ట్యాంకు, వెనక భాగం కింద వాడిన నీళ్లు పడే డ్రమ్ము. కుటుంబాలను యాత్రలకు తీసుకుపోవాలని ఆయన ఆశ. మా వాడకట్టులో దానికి ఇల్లుబండి అని పేరు పడింది.

మొదటి యాత్ర ఇంటివాళ్లతోనే చేయాలనుకున్నాడు. శ్రీశైలం, అక్కడినుంచి మహానంది. మేనత్తలు, అమ్మ, పెద్దమ్మ, పక్కింటి అక్క, అందరూ సంచులు సర్దుకున్నారు. వింత ఏమిటంటే మా అవ్వ కూడా సర్దుకుంది. అవ్వ అంటే మా నాన్న తల్లి. మల్లన్న కొండకు ఇంత దగ్గరలో పుట్టి పెరిగి, ఒక్కసారీ అక్కడికి పోని మనిషి. ఊరు ఊరంతా కదిలిన ప్రతిసారీ ఆమెకు మోకాళ్ల నొప్పులు వచ్చేవి, లేకపోతే బర్రె ఈనే రోజులు వచ్చేవి. ఈసారి మాత్రం బండి ఎక్కి, స్నానాల గదిలోకి పోయి, గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. కిందికి దిగి పెట్టె తెరిచి మంచి చీరలు బయటికి తీసింది.

ప్రయాణానికి ముందురోజు బండికి పూజ. మా ఇంటి జాగా తూర్పుకు వాలుగా ఉంటుంది. వాస్తుకు మంచిదని తాతయ్య ఏరికోరి కొన్నాడట. పెద్దనాయన బండిని కూడా తూర్పు ముఖంగానే నిలిపాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. అన్నీ శుభంగా ముగిశాక పక్కింటి అక్క "నేనే బోణీ చేస్త" అంటూ స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పింది. నీళ్లు వెనక మూల అవి దిగిపోయే కంత వైపు పోలేదు. తలుపు కిందనుంచి బయటికొచ్చి, నడవంతా పారి, కింద పెట్టిన దుప్పట్లను తడిపేశాయి. సింకులో చూస్తే అమ్మ పోసిన బియ్యం కడుగు కదలకుండా నిలబడి ఉంది.

"మహానంది కోనేరు ఈడికే వచ్చె గదనే! ఇంగ గాడిదాక పోవుడెందుకు?" అని మా పెద్ద మేనత్త నవ్వింది.

పెద్దనాయన నవ్వలేదు. గోడ అవతల ట్రాక్టర్లు బాగుచేసే చాచాను కేకేసి పిలిచాడు. ఇద్దరూ కలిసి కంతలో తీగ పెట్టి పొడిచారు. బండి కింద దూరి పైపు విప్పి నోటితో ఊదారు. వడ్రంగి పని చేసినప్పటి రంపపు పొట్టు కాస్త రాలింది. అంతకుమించి ఏమీ లేదు, పైపు శుభ్రంగా ఉంది. బిగించి నీళ్లు పోస్తే మళ్లీ నడవలోకే వచ్చాయి. విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. మధ్యాహ్నానికి పెద్దనాయన ఓపిక అయిపోయింది. పానా నేలకేసి కొట్టాడు.

"ఈ గదే పీకేస్త. రెండు సీట్లన్న వడతయ్ గీడ."

"పీకెయ్ తమ్మీ," అంది మేనత్త. "పాతాళగంగ ఉండంగ ఈ డబ్బాల ఎవరు పోసుకుంటరు? అందరం కలిసి మునిగితెనే పున్నెం."

అందరూ అవునన్నారు. అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. కాసేపటికి లేచి, "నాకు మోకాళ్లు గుంజుతున్నయ్. నేను రాను గని, మీరు పోయి రాండ్రి" అంది. ఆమె అట్లా అనడం అలవాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నేను అప్పుడు బండి కింద పడుకుని ఉన్నాను. నలుగురిలో నోరు పెగలని పిల్లను నేను. అట్లాంటి చోట్లే నాకు హాయి. చాచా విప్పిన పైపు కొసను నా చేతికిచ్చి, "జర పట్టుకో బిడ్డా, కింద వెడితె మట్టి జొరవడ్తది" అని చెప్పి ఛాయ్ తాగడానికి పోయాడు. ఆయన పోయిన కొంతసేపటికి బండి కొంచెం కదిలింది. ఎవరో ఎక్కారు. స్నానాల గది తలుపు మూసిన చప్పుడు, గొళ్లెం పడిన చప్పుడు. ఆ వెంటనే నా చెవి పక్కన, పైపులోంచి, అవ్వ గొంతు.

"మల్లయ్యా, ఈ కాలిన ఈపు ఏడ దాసుకోని రావాలె నీ కాడికి? గింత సాటు దొరికెనని సంబురపడితి గదరా సామీ. గదిగూడ ఓర్వకపోతివి."

తర్వాత ఏడుపు వినిపించింది. నీళ్లు లేని పైపులోంచి వస్తుంటే అది మా అవ్వ ఏడుపులా కాక, ఎవరో చిన్నపిల్ల ఏడుస్తున్నట్టు అనిపించింది.

ఆమెకు ఎప్పుడో, కొత్త కోడలిగా ఉన్నప్పుడు, పొయ్యి దగ్గర చీర అంటుకుందని విన్నాను. ఆ మంట గుర్తులు ఒంటి మీద ఇంకా ఉంటాయని నాకు తట్టలేదు. అవ్వ అందరికంటే ముందు లేచి చీకటితోనే స్నానం చేసేది. వీపు రుద్దుతానని ఏ కోడలు వచ్చినా కసిరి పంపేది. ఏటి దగ్గర ఆడవాళ్లంతా రవికలు విప్పి గట్టున పెట్టి మునుగుతుంటే, ఆమె మూటల దగ్గర కాపలా కూర్చునేది. ఇవన్నీ నేను రోజూ చూసినవే. అర్థమైంది మాత్రం ఆ క్షణంలోనే.

నేను బండి కిందనుంచి బయటికి వచ్చేసరికి అవ్వ మెట్టు దిగుతోంది. నన్ను చూసింది. నా చేతిలోని పైపును చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

పెద్దనాయన గది పీకడానికి సామాన్లు తెచ్చుకుంటున్నాడు. ఎక్కడి ధైర్యమో, పోయి ఆయన చొక్కా పట్టుకుని లాగాను.

"గది పీకొద్దు."

"ఎందుకే?"

నా కళ్లు అవ్వ పోయిన గుమ్మం వైపు తిరిగాయి. ఆయన కూడా అటు చూశాడు. కొడుకు కదా, ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను ఇంకేమీ అడగలేదు. సామాన్లు అక్కడే వదిలేసి బండి ఎక్కాడు.

ఈసారి తీగ పట్టుకోలేదు. స్నానాల గది గడప దగ్గర గొంతుక్కూర్చుని ఊరికే చూశాడు. పూజలో మిగిలిన నిమ్మకాయ ఒకటి తీసుకుని కంత పక్కన పెట్టాడు. అది ఒక క్షణం ఆగి, మెల్లగా బండి ముందువైపుకు దొర్లుకుంటూ వచ్చి ఆయన కాలికి తగిలింది. మళ్లీ పెడితే మళ్లీ అటే పోయింది. ఆయన తల కొట్టుకుని నవ్వాడు. జాగా తూర్పుకు వాలు. బండి మూతి తూర్పుకు. కంతా, డ్రమ్మూ వెనకవైపు. రెండు శుభాలూ కలిపి, పొద్దున్నుంచి నీళ్లను మిట్ట ఎక్కమంటున్నాం మేము.

బండి తిప్పుతానంటే మేనత్త గుండెలు బాదుకుంది. "పూజ చేసిన బండి మూతి పడమటికి వెడ్తవా? తెల్లారితె పయనం వెట్టుకోని!"

గోడ మీదనుంచి చాచా అందుకున్నాడు. "దినాం నమాజుల మేం అటే తిరిగి మొక్కుతం గదక్కా. మాకేమన్న అయ్యిందా? తిప్పనియ్."

ఆమెకు నవ్వు ఆగలేదు. పెద్దనాయన సందు చూసి, "పట్నం గిరాకీలు గది లేకుంటె బండే ఎక్కరక్కా. గది ఉండాలె" అన్నాడు. అవ్వ పేరు ఎత్తలేదు. బండి తిరిగింది. బకెట్టెడు నీళ్లు పోస్తే కంత చుట్టూ సుడి తిరిగి గుటుక్కున దిగిపోయాయి. సింకులో బియ్యం కడుగు కూడా తనంతట తానే పోయింది.

అప్పుడాయన ఇంటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ముందుగాల నువ్వే ఎక్కాలె. పెద్దోళ్లు ఎక్కితె బండికి మంచిది" అన్నాడు.

"నా మోకాళ్లు..."

"మోకాళ్లకు బల్ల ఉన్నది. గునుగుడు బందువెట్టి సంచి తే."

దారిలో ఆగిన ప్రతిచోటా ఆయన ముందు నిమ్మకాయ పెట్టి చూసేవాడు. అది కంత వైపు దొర్లేదాకా ముందు చక్రాల కింద బండలు పేర్చి బండిని ఎక్కించేవాడు. శ్రీశైలంలో అందరూ పాతాళగంగకు దిగిపోయాక, అవ్వ లోపల గొళ్లెం వేసుకుని తలారా స్నానం చేసింది. తడి జుట్టు ముడి వేసుకుని దిగి, గుడి వైపు మా అందరికంటే ముందు నడిచింది. మోకాళ్ల మాట ఎత్తలేదు.

ఎవరైనా బాధలో ఉన్నారని తెలిసినప్పుడు, ఏమైందని గుచ్చి గుచ్చి అడగడం నాకు చేతకాదు. అది నా పిరికితనమని చాలామంది అంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ పెద్దనాయన ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. అవ్వ చాటును చాటుగానే ఉంచి, తిప్పవలసిన బండిని తిప్పాడు. నేను అప్పటినుంచి వెంట తెచ్చుకున్నది అదే. ఒకరికి తోడుండాలంటే వాళ్ల గాయం మనకు చూపించి తీరాల్సిన పని లేదు.

మొన్న మొన్న అవ్వ మంచం పట్టినప్పుడు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. కోడళ్లు ఎవరు ఒళ్లు తుడవబోయినా ఆమె ఒప్పుకోవడం లేదు. ఒకరోజు అందరినీ బయటికి పంపి నన్ను పిలిచింది. గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని కాళ్లు, చేతులు, మెడ తుడిచి రవిక దగ్గర ఆగిపోయాను. ఏమీ అడగలేదు. అవ్వ కాసేపు నా ముఖంలోకి చూసింది. తనే హుక్కులు ఒక్కొక్కటి విప్పుకుని, గోడవైపు తిరిగింది. మరునాటికి ఆమెకు మాట పడిపోయింది. నాతో ఆమె అన్న ఆఖరి మాటలు ఆ గోడవైపు తిరిగి అన్నవే.

"ఈపు గూడ రుద్దు, బిడ్డా."